గుండెకు అంటు: సిర మేలా? ధమని మేలా?

అశోకనగరము ప్రక్కనున్న ఇందిరా పార్కులో ప్రాతఃకాలమున నడచువారిని గమనించినచో ఒక విశేషము కంటబడును. అఱువదియేండ్లు దాటిన కొందఱు పెద్దలకు చీలమండ లోపలివైపునుండి మోకాలివఱకు సన్నని పొడుగైన మచ్చ కలదు. మఱికొందఱికి కాలిమీద మచ్చ లేదు, ఎడమ ముంజేతిమీద కలదు. ఇంకను కొందఱికి ఈ రెండును లేవు. చొక్కా బొత్తాము వదలినచోట రొమ్ము నడుమ నిలువుగీత మాత్రమే కలదు. వీరందఱు ఒకే శస్త్రచికిత్స పొందినవారు. మన వాడలలో దానిని 'బైపాసు' అనుటయే వాడుక.

నడక ముగించి బల్లలపై కూర్చున్నప్పుడు "నాకు మూడు వేశారు", "నాకు నాలుగు" అని వారు లెక్క చెప్పుకొనుట మేము పలుమాఱులు వింటిమి. ఎన్ని వేసిరో అందఱికిని తెలియును. దేనితో వేసిరో తెలిసినవారు అరుదు. చిక్కడపల్లిలోను నారాయణగూడలోను మాకు పరిచయముగల యిండ్లలో విచారించితిమి. ఖర్చెంత యని యడిగిరి, ఇంటికి ఎన్నాళ్లకు పంపుదురని యడిగిరి, నారాయణగూడ ఐ.పి.ఎం. రక్తనిధికి పరుగెత్తి రక్తము తెచ్చిరి. కాని గుండెకు కట్టబోవు క్రొత్తనాళము సిరయా, ధమనియా యని శస్త్రచికిత్సకు ముందడిగిన కుటుంబము ఒక్కటియు మాకు కానరాలేదు. అది వారి తప్పు కాదు. అడుగవలెనని చెప్పినవారు లేరు. ఆ ప్రశ్నకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని ఇంటిల్లిపాదికి తెలియునట్లు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గుండె దేహమునకంతకు రక్తము పంపునదైనను, తన కండకు వలసిన రక్తమును తన గదులలోనుండి తీసికొనదు. బృహద్ధమని మొదటనే చీలి గుండెపై తీగలవలె ప్రాకిన చిన్న ధమనులు దానిని పోషించును. వానిలో ఎడమవైపు పుట్టి గుండె ముందుభాగమున దిగునది ప్రధానమైనది. ఈ ధమనుల లోపలిగోడలలో కొవ్వు చేరి పూడిక యేర్పడినప్పుడు, చెఱువు నిండియున్నను కాలువ పూడిన పొలము ఎండినట్లు, గుండెకండ ఎండును. పూడిక దాటిన తరువాత, మంచిగా నున్న భాగమునకు మఱియొక నాళమును కుట్టి రక్తము నందించుటయే బైపాసు. ఆ నాళమును రోగి దేహమునుండియే తీయుదురు. మామిడికి అంటు కట్టుట యెఱిగిన మనకు ఇది క్రొత్తమాట కాదు. ఏ కొమ్మతో అంటు కట్టితిమో, చెట్టు ఎన్నేండ్లు కాయునన్నది దానినిబట్టి యుండును.

సిర, ధమని యను రెండు పేర్లును సుశ్రుతసంహితయందే కలవు గాని, నేటి యర్థమున కావు. గుండెనుండి వెలుపలికి పోవు నాళములు వేఱనియు, గుండెకు తిరిగివచ్చు నాళములు వేఱనియు, రక్తము ఒక చక్రముగా తిరుగుచున్నదనియు 1628లో ఆంగ్లేయ వైద్యుడు విలియం హార్వీ నిరూపించెను. పోవు నాళము ధమని. దాని గోడ దిట్టమైనది, ప్రతి స్పందనకును ఒత్తిడిని భరింపగలది. వచ్చు నాళము సిర; దాని గోడ పలుచనిది, ఒత్తిడి స్వల్పము, రక్తము వెనుకకు జాఱకుండ లోపల చిన్నకవాటములు కలవు. ఈ భేదమును పాఠకులు మఱువకుందురు గాక. తక్కిన కథ యంతయు దీనిపైననే నిలిచియున్నది.

గుండెను గూర్చిన విచారణలో మన నగరమునకును ఒక పాలు కలదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు వైద్యపాఠశాల యధ్యక్షుడైన ఎడ్వర్డు లారీ, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ప్రోత్సాహముతో, క్లోరోఫారము మందుపై రెండు పరిశోధక సంఘములను నడపెను. ఆ మత్తు మితిమీఱినచో ముందు ఆగునది శ్వాసయా, గుండెయా యనునది ప్రశ్న. శ్వాసయే ముందాగునని, శ్వాసను కనిపెట్టియున్నచో గుండెకు భయము లేదని సంఘము తేల్చెను. ఆ తీర్పు లోకమంతట చర్చకు వచ్చెను. కాని 1911లో గుడ్‌మన్ లెవీ యను వైద్యుడు, మత్తు తేలికగా నున్నప్పుడే గుండె గతితప్పి హఠాత్తుగా ఆగుట సంభవమని ప్రయోగపూర్వకముగా చూపెను. లారీ చూచినది అబద్ధము కాదు; చూచినంతవఱకు నిజమే. చూడవలసినది ఇంకను మిగిలియుండెను. సిర-ధమనుల వివాదమునను సరిగా ఇట్లే జరిగెను. మొదటి దినముల ఫలమును చూచి చేసిన నిర్ణయము పదేండ్ల ఫలముముందు నిలువలేదు.

నాళమును నాళమునకు కుట్టు విద్యను లోకమునకు నేర్పినవాడు ఫ్రాన్సు దేశీయుడు అలెక్సిస్ కారెల్. 1894లో లియాన్ నగరమున ఆ దేశాధ్యక్షుడు కత్తిపోటుచే పెద్దనాళము తెగి మరణించెను. తెగిన నాళమును కుట్టగల వైద్యుడు నాడు లేడు. కారెల్ ఆ నగరముననే చేతికుట్టులో ఆఱితేఱిన యొక స్త్రీ యొద్ద సన్నని సూదిపని నేర్చెనని చెప్పుదురు. 1902లో నాళములను కుట్టు పద్ధతిని ప్రకటించెను. 1910 నాటికి కుక్క గుండెపై బైపాసువంటి ప్రయోగము చేసెను. 1912లో నోబెల్ బహుమానము పొందెను. ఇంటిలో స్త్రీలు చేయు కుట్టుపనిని చిన్నచూపు చూచువారు, నేటి గుండెవైద్యమునకు మూలమైన కౌశలమట్టి చేతులనుండియే వచ్చినదని తెలిసికొందురు గాక.

కారెల్ ప్రయోగము మనుష్యులకు ఉపయోగపడుటకు మఱి యర్ధశతాబ్దము పట్టెను. 1950లో కెనడా దేశమున ఆర్థర్ వైన్‌బర్గు, రొమ్ముగోడ లోపలివైపున దిగు ధమనిని విడదీసి, దాని చివరను గుండెకండలో సొరంగము చేసి దూర్చెను. ధమనికి ధమనిని కుట్టలేదు. విత్తు నాటినట్లు నాటెను. 1953లో గిబ్బను అమెరికాలో గుండె-ఊపిరితిత్తుల యంత్రముతో తొలిసారి జయప్రదముగా శస్త్రచికిత్స చేసెను. 1958లో క్లీవ్‌లాండు నగరమున మేసన్ సోన్స్ మఱియొక పరీక్ష చేయుచుండగా, చిత్రమునకై ఎక్కించు రంగుమందు పొరబాటున గుండెధమనిలోనికే పోయెను. రోగి బ్రతికెను, ధమని చిత్రము స్పష్టముగా పడెను. నేడు మనము 'యాంజియోగ్రాము' అనునది ఆ పొరబాటున పుట్టినదే. పూడిక ఎక్కడ నున్నదో కంటికి కనబడిన తరువాతనే, దానిని దాటి కుట్టుటకు దారి యేర్పడెను.

1964లో లెనిన్‌గ్రాడున వాసిలీ కొలెసోవ్ రొమ్ములోపలి ధమనిని గుండెధమనికి నేరుగా కుట్టెను. గుండెను ఆపకయే, యంత్రము లేకయే ఆయన ఈ పని చేసెను. కాని ఆయన మాట పశ్చిమదేశముల చెవికి ఎక్కలేదు. 1967 మే 9వ తేదీని క్లీవ్‌లాండులో, అర్జెంటీనా దేశీయుడు రెనే ఫావలోరో 51 ఏండ్ల స్త్రీకి కాలిలోని పొడుగైన సిరను తీసి గుండెకు కట్టెను. ఈ ఫావలోరో అంతకుముందు పండ్రెండేండ్లు తన దేశములో ఒక మాఱుమూల పల్లెలో వైద్యము చేసినవాడు. ఆయన పద్ధతి దావానలమువలె వ్యాపించెను.

సిర వ్యాపించుటకు కారణములు స్పష్టములు. కాలిలో అది పొడుగుగా నున్నది. ఒకే సిరతో మూడు నాలుగు అంటులు కట్టవచ్చును. తీయుట సులభము, వెడల్పు గలది, కుట్టుట సులభము. కవాటములు అడ్డుపడకుండ తలక్రిందులు చేసి కుట్టినచో చాలును. రొమ్ములోపలి ధమనియన్ననో సన్ననిది, తీయుటకు ఓర్పు కావలెను, కుట్టుటకు సూక్ష్మదృష్టి కావలెను. 1968లో న్యూయార్కున జార్జి గ్రీన్ సూక్ష్మదర్శినితో చూచుచు ఆ ధమనిని గుండె ముందుభాగపు ముఖ్యధమనికి కుట్టెనుగాని, ఆ మార్గమున నడచినవారు కొలదిమందియే. రోగి ఇంటికి నడచిపోవుచున్నాడు, నొప్పి తగ్గినది; ఇంకేమి కావలెను అని వైద్యలోకము తలచెను.

మన దేశమున మొదటి బైపాసును 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ చేసిరి. ఆ కాలమున గుండెజబ్బుగల తెలుగువారికి మద్రాసు, వెల్లూరు పట్టణములే గతి. తరువాత నిమ్సు ఆసుపత్రిలో దాసరి ప్రసాదరావు మొదలైనవారు ఈ విద్యను తెలుగుగడ్డపై పెంపొందించిరి. ఆయనకు 2001లో పద్మశ్రీ లభించెను. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైన పిమ్మట, పొలము తాకట్టు పెట్టకయే పేదవాడును బైపాసు పొందు దినము వచ్చెను. ఇది గొప్ప సంస్కారము, కాదనువారు లేరు. కాని చికిత్స అందినదా యను ప్రశ్నకు జవాబు దొరకిన పిమ్మట, ఎట్టి చికిత్స అందినది యను రెండవ ప్రశ్న పుట్టును.

ఆ రెండవ ప్రశ్నకు కాలమే జవాబు చెప్పెను. 1986లో, సిరపద్ధతి పుట్టిన ఆ క్లీవ్‌లాండునుండియే ఫ్లాయిడ్ లూప్, ఆయన సహచరులు, తమ రోగుల పదేండ్ల లెక్కలను ప్రకటించిరి. మూడు ధమనులలో పూడిక గలవారిలో, ముఖ్యధమనికి రొమ్ములోపలి ధమనిని కట్టించుకొన్నవారు పదేండ్లకు నూటికి 83 మంది జీవించియుండిరి. సిరలు మాత్రమే కట్టించుకొన్నవారు 71 మంది. శస్త్రచికిత్స అయిన నెలలో ఇరువురును సమానముగనే నడచుచుండిరి. పదేండ్లకు వందమందిలో పండ్రెండుగురి భేదము తేలెను. తమ ఆసుపత్రికి కీర్తి తెచ్చిన పద్ధతిలోని లోపమును ఆ ఆసుపత్రివారే లెక్కగట్టి చెప్పుట మెచ్చదగినది.

సిర ఏల ఓడును? అది స్వల్పపు ఒత్తిడికి పుట్టినది. దానిని తెచ్చి బృహద్ధమనికి కట్టగానే, వాననీటికి అలవాటుపడిన పిల్లకాలువలోనికి ఏటినీరు వదలినట్లగును. మొదటి నెలలో నెత్తురు గడ్డకట్టి కొన్ని మూతపడును. ఏడాదిలోపల లోపలిపొర దళసరియై కొన్ని ఇఱుకగును. ఆ తరువాత, మొదటి వ్యాధికి కారణమైన కొవ్వే వీనిలోను చేరును. పదేండ్లకు సిరల అంటులలో ఇంచుమించు సగము చెడునని చాలకాలపు అనుభవము చెప్పినది. ఆస్పిరిను, కొవ్వు తగ్గించు స్టాటిన్ మందులు వాడుకలోనికి వచ్చినపిమ్మట స్థితి కొంత మెఱుగైనది. రొమ్ములోపలి ధమనియన్ననో పదేండ్లకు నూటికి తొంబది పాళ్లు తెఱచియే యుండును. దాని లోపలిపొర కొవ్వును చేరనీయదు; నాళమును సడలించు పదార్థమును తానే పుట్టించుకొనును. అంతేకాదు, దానిని మొదలంట కోయరు. మొదలు పుట్టినచోటనే యుండగా, చివరను మాత్రమే గుండెకు కుట్టుదురు. తల్లిచెట్టునుండి విడదీయక కట్టిన అంటువంటిది అది. నేడు ముఖ్యధమనికి ఎడమ రొమ్ములోపలి ధమనిని కట్టుట సర్వత్ర అంగీకృతమైన నియమము. వైద్యులు దీనిని 'లిమా' యని పిలుతురు. ఈ మాట ఇంటివారును గుర్తుంచుకొనదగినది.

ఇక తక్కిన అంటులు దేనితో కట్టవలెను? ఇచటనే నేటి వివాదము. మన వైద్యులు నాడి చూచు మణికట్టు ధమనియున్నదే, దానినే ముంజేతినుండి తీసి 1970ల మొదట కార్పెంటియే యను ఫ్రెంచి వైద్యుడు వాడెను. అది ముడుచుకొని మూసికొనిపోవుట చూచి విడిచెను. ఇరువదియేండ్ల పిమ్మట, మూతపడినవనుకొన్న వానిలో కొన్ని తెఱచియుండుట చూచి, ముడుచుకొనకుండ మందులిచ్చి ఫ్రెంచివారే మరల చేపట్టిరి. 2018లో ఆఱు పరిశోధనల రోగులను, మొత్తము 1036 మందిని, ఒక్కచోట చేర్చి చూడగా, సిరకంటె ముంజేతి ధమని కట్టినవారికి అయిదేండ్లలో గుండెపోటు మొదలైన ఆపదలు తక్కువగా వచ్చెను. అమెరికా హృదయవైద్య సంఘములు 2021లో, రెండవ ముఖ్యమైన అంటుకు సిరకంటె ముంజేతి ధమనియే మేలని సూచించెను. అయితే దీనికి రెండు నిబంధనలున్నవి. చేతికి రక్తమిచ్చు రెండవ ధమని బాగుగనున్నదో లేదో ముందు పరీక్షింపవలెను. గుండెధమనిలోని పూడిక గట్టిదై యుండవలెను. పాతదారిలో రక్తము ధారాళముగ పాఱుచున్నచో ఈ ధమని పని లేక ముడుచుకొనిపోవును.

రొమ్మునకు రెండువైపులను గల ధమనులను రెండింటిని వాడిన మఱియు మేలు గదా యని కొందఱు తలచిరి. దీనిని తేల్చుటకు ఆక్స్‌ఫర్డు వైద్యుడు డేవిడ్ టాగర్టు నాయకత్వమున 2004లో మొదలైన పరిశోధనలో 7 దేశములలోని 28 ఆసుపత్రులు, 3102 మంది రోగులు పాల్గొనిరి. మన భారతదేశమును వానిలో నొకటి. 2019లో ప్రకటించిన పదేండ్ల ఫలములలో, ఒక ధమని వర్గమునకును రెండు ధమనుల వర్గమునకును మరణములలో చెప్పదగిన భేదము కానరాలేదు: నూటికి 21, 20. రొమ్మెముక గాయము మానకపోవుట మాత్రము రెండు ధమనులవారిలో ఎక్కువ. అయితే ఒక ధమని వర్గమున పలువురకు ముంజేతి ధమనియు కట్టియుండిరి. రెండు ధమనులు నిర్ణయింపబడిన కొందఱికి ఒకటియే కట్టిరి. కావున తీర్పు అస్పష్టమని వాదించువారు కలరు. నేర్పరియైన చేతిలో ఫలించు పద్ధతి నేర్పు లేని చేతిలో కీడు చేయుననునది మాత్రము నిశ్చయము.

ఈ వివాదము పరదేశపు పండితులకు విడువదగినది కాదు. మన యింటికే దగ్గఱగా వచ్చినది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చు మధ్యవయస్సు 53 ఏండ్లనియు, ఇతర దేశములవారికి దాదాపు 59 ఏండ్లనియు 2007లో ప్రకటితమైన యొక గొప్ప పరిశీలన తెలిపినది. ఎనుబదియేండ్ల వృద్ధునకు కట్టిన అంటు పదేండ్లు నిలిచిన చాలునేమో. ఏబదియేండ్ల గృహస్థునకు, కూతురి పెండ్లి, కొడుకు చదువు ఇంకను ముందున్నవానికి, అది ఇరువదియైదేండ్లు నిలువవలెను. ధమని అవసరము మనవారికే హెచ్చు. కాని మధుమేహమును మనవారికే హెచ్చు. మధుమేహము గలవారికి, అందును స్థూలకాయులకు, రెండు రొమ్ముధమనులు తీసినచో ఎముక గాయము చీము పట్టు భయము పెరుగును. ఒకవైపు లాభము, ఒకవైపు ముప్పు. కావుననే ఈ నిర్ణయము అందఱికి ఒకే అచ్చున పోయదగినది కాదు. రోగినిబట్టి, పూడికనుబట్టి, వైద్యుని చేతినిబట్టి చేయదగినది.

స్త్రీల విషయము మఱియు శోచనీయము. ఫావలోరో తొలి రోగి స్త్రీయే యైనను, స్త్రీలకు ధమనుల అంటులు పురుషులకంటె తక్కువగా కట్టబడుచున్నవని పలుదేశముల లెక్కలు చెప్పుచున్నవి. వారి ధమనులు సన్ననివనుట ఒక కారణము. ఆయాసమును "గ్యాసు" అనియు, ఛాతీనొప్పిని "పని అలసట" యనియు ఇంటిలోనే కొట్టివేసి, వ్యాధి ముదిరిన పిమ్మట కొనిపోవుట మఱియొక కారణము. మొదటిదానికి వైద్యుడు ఉత్తరవాది, రెండవదానికి మనమే.

సిరను నిందించుట మా తలంపు కాదు. ప్రాణాపాయవేళ క్షణములు లెక్కించునప్పుడు సిరయే శరణ్యము. మిక్కిలి వృద్ధులకు, చేతిధమని చెడినవారికి, రెండు రొమ్ముధమనులు తగనివారికి అదియే ఆధారము. లిమాతోపాటు ఒకటి రెండు సిరలు కట్టించుకొని ఇరువదియేండ్లు సుఖముగా జీవించినవారు మన వీథులలోనే కలరు. మేము నిందించునది మౌనమును. ధమనికి కాలము, ఓర్పు, నేర్పు కావలెను. సిరకు తక్కువ చాలును. ఆ భేదము బిల్లులో కనబడదు, ఇంటికి వచ్చిన దినమున కనబడదు, పదేండ్లకు గాని కనబడదు. అట్టి వస్తువును గూర్చి అడుగువారు లేనిచో, సులభమైనదే ఆచారమగుట లోకసహజము.

కావున తీఱుబడియున్న ప్రతి శస్త్రచికిత్సకు ముందు ఇంటివారు నాలుగు ప్రశ్నలు వినయముగా అడుగవలెను. ముఖ్యధమనికి లిమా కట్టుదురా? తక్కినవానికి ఏది కట్టుదురు, ఏల? మా రోగి వయస్సు, మధుమేహము చూచి రెండవ ధమని తగునా? ఈ పని మీరు తఱచుగా చేయుదురా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగింపడు; సంతోషించును. ఇంటికి వచ్చిన పిమ్మట పొగ మానుట, ఆస్పిరిను, స్టాటిను వైద్యుడు చెప్పినంతకాలము మానకుండుట మనవంతు. అంటు కట్టి నీరు పోయనివానికి ఫలము దొరకదు.

ఈ ప్రశ్నలడుగవలసినది మగవారు మాత్రమే కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు మిత్రులతో కలసి నెలకొల్పిన బాలికల తెలుగు పాఠశాల నేడు వారి పేరనే నారాయణగూడలో నున్నది. ఆడపిల్ల చదివి యేమి చేయునని అడిగినవారు ఆనాడు ఉండిరి. ఆసుపత్రి వరండాలో రాత్రివేళ సమ్మతిపత్రముపై చేవ్రాలు చేయుమని కాగితము చేతికిచ్చినప్పుడు, ఆ చదువుకొన్న యిల్లాలు దానిని పూర్తిగా చదివి, "ఏ నాళము కట్టుదురు?" అని యడుగును. అదియే వారికి జవాబు.